నడిచి వచ్చిన పంతులమ్మ

నాకు మొదట ఉద్యోగం వచ్చిన గూడెం తారు రోడ్డుకు ఆరు కిలోమీటర్లు లోపల ఉంది. మధ్యలో రెండు వాగులు. వానాకాలంలో చెప్పులు చేత పట్టుకొని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దాటాలి. మొదటి రోజు నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. చింతచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన నా ముఖం చూడలేదు, కాళ్లు చూశాడు. బురద చూసి, "ఈ పంతులు నడిచి వచ్చాడు. రేపు కూడా వస్తాడులే" అన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లు నెలకు ఒకసారో రెండుసార్లో వచ్చి సంతకాలు పెట్టి పోయేవారట. డైట్‌లో రెండేళ్ల శిక్షణలో పిల్లల మనస్తత్వం గురించి, పాఠ్య పథకం గురించి చెప్పారు. ఊరివాళ్లు పంతులి కాళ్లు చూస్తారని ఎవరూ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత డొరొతీ స్టాంగ్ అనే క్రైస్తవ సన్యాసిని జీవితం చదువుతున్నప్పుడు ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. ఆమె కూడా పంతులమ్మే. అమెరికాలో పుట్టి, బ్రెజిల్ వెళ్లి, అమెజాన్ అడవిలో పేద రైతుల మధ్య ముసలిదైంది. గూడెం నుంచి గూడేనికి మైళ్లకొద్దీ నడిచేది. డెబ్బై మూడేళ్ల వయసులో అలా అడవి బాటలో నడుస్తుండగానే ఆమెను కాల్చి చంపారు. గొడవ నేల గురించి, నేల కాగితాల గురించి. ఈ కథ జరిగింది చాలా దూరంలో. కానీ చదువుతుంటే దూరమనిపించదు. అందుకే మన యువకులకు, తోటి టీచర్లకు చెప్పాలనుకున్నాను.

బడి నుంచి అడవికి

డొరొతీ 1931 జూన్ 7న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణంలో పుట్టింది. తొమ్మిది మంది పిల్లల ఇల్లు. పెరట్లో కూరగాయల తోట. చెత్తను, ఆకులను కుళ్లబెట్టి ఎరువు చేసి మొక్కలకు వేయడం ఆమె తండ్రి దగ్గర నేర్చుకుంది. తర్వాత అమెజాన్‌లో రైతులతో మాట్లాడేటప్పుడు ఆ తోటలో నేర్చిన పని అక్కరకొచ్చింది.

1948లో, పదిహేడో ఏట, నోత్రదామ్ ద నామూర్ అనే సన్యాసినుల సంఘంలో చేరింది. 1804లో ఫ్రాన్స్‌లో జూలీ బిలియార్ట్ అనే ఆమె పెట్టిన సంఘం అది. పేదపిల్లలకు చదువు చెప్పడమే వాళ్ల ముఖ్యమైన పని. 1951 నుంచి డొరొతీ చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. మొదట షికాగో దగ్గరి ఊళ్లలో, తర్వాత ఎండలు మండే ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరంలో. ఆరిజోనాలో పొలం పనులకు మెక్సికో నుంచి వలస వచ్చిన కూలీ కుటుంబాలతో ఆమెకు దగ్గరితనం ఏర్పడింది. బడికి రాని పిల్లవాడి కారణం బడిలో దొరకదు, వాళ్ల ఇంట్లో దొరుకుతుంది. మిరపకాయలు ఏరడానికి తల్లిదండ్రుల వెంట వెళ్లిపోయిన పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఏడాదికేడాది చూసే మనకు ఇది కొత్త సంగతి కాదు.

1966లో ఆమె, ఇంకొందరు సన్యాసినులు బ్రెజిల్ వెళ్లారు. అప్పటికి రెండేళ్లుగా అక్కడ సైన్యం పాలిస్తోంది. వాళ్లు చేరింది దేశానికి ఈశాన్యాన ఉన్న మరాన్యావ్ రాష్ట్రంలోని కొరొఆతా అనే ఊరికి. అక్కడి రైతుల్లో ఎక్కువమందికి సొంత భూమి లేదు. పండించేది వాళ్లు, నేల దొర పేరు మీద. 1968లో లాటిన్ అమెరికా బిషప్పులు కొలంబియాలోని మెదెయీన్ నగరంలో సమావేశమై, చర్చి పేదల పక్షాన నిలబడాలని తీర్మానించారు. ఆ మాటను డొరొతీ లాంటివాళ్లు నిజమని నమ్మి పనిలో పెట్టారు. బైబిల్ చదవడంతో పాటు కూలి లెక్కలు, హక్కులు మాట్లాడడం మొదలైంది. అది దొరలకు నచ్చలేదు, సైన్యానికీ నచ్చలేదు.

1970 నాటి రోడ్డు

1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ అడవిని అడ్డంగా చీలుస్తూ ఒక రోడ్డు మొదలుపెట్టింది. పేరు ట్రాన్స్ అమెజాన్ రహదారి. పొడవు నాలుగు వేల కిలోమీటర్ల పైన. ఈశాన్యంలో కరువుతో అల్లాడుతున్న పేదలను తెచ్చి రోడ్డుకు రెండు వైపులా స్థలాలిచ్చి కూర్చోబెడతామన్నారు. లక్ష కుటుంబాలకు భూమి అని ప్రకటించారు. దానికో నినాదం కూడా తయారు చేశారు: మనుషులు లేని నేల, నేల లేని మనుషులకు.

ఈ నినాదం వినడానికి బాగుంటుంది. ఆదివాసీ చెవితో వింటే వేరేగా వినపడుతుంది. మనుషులు లేని నేల అని ఎవరు చెప్పారు? ఆ రోడ్డు వెళ్లిన దారిలో అరారా జాతి ఉంది. పరకానా జాతి ఉంది. వాళ్ల వేట బాటలను, తోటలను, పూర్వీకులను పూడ్చిన చోట్లను రోడ్డు కోసుకుంటూ పోయింది. రోడ్డు పనివాళ్ల వెంట వచ్చిన జబ్బులకు పరకానాలు ఎందరో చనిపోయారు. అరారాలు అడవి లోపలికి పారిపోయి, పదేళ్ల పాటు బయటివాళ్లకు చిక్కకుండా ఉన్నారు. ఆఫీసులో గీసిన మ్యాపులో వాళ్లెవరూ లేరు.

అదే 1970లో మన దగ్గర 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని, గిరిజనుల చేతి నుంచి నేల జారిపోకూడదని చేసిన చట్టం. ఒకే ఏడాదిలో అక్కడ అడవిని తెరిచే రోడ్డు, ఇక్కడ నేలను కాపాడే కాగితం. కాగితం ఉన్నా మన నేల ఎంత నిలిచిందో మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. కాబట్టి చట్టం ఉందా లేదా అన్న దగ్గర కథ ఆగదు. దాన్ని చదివేవాళ్లు, అడిగేవాళ్లు ఊళ్లో ఉన్నారా అన్నది అసలు ప్రశ్న.

ఆమె ఎవరి పక్షం?

మరాన్యావ్ పేదలు భూమి కోసం పడమటికి, పారా రాష్ట్రంలోని అడవికి వలస కట్టారు. 1970లలో డొరొతీ కూడా వాళ్ల వెంట వెళ్లింది. 1980లలో షింగు ప్రాంతపు బిషప్ ఎర్విన్ క్రాయిట్లర్ దగ్గరికి వెళ్లి, అందరికన్నా పేదలున్న చోటికి నన్ను పంపండి అని అడిగింది. ఆయన ట్రాన్స్ అమెజాన్ రోడ్డు మీద, అల్తమీరా పట్టణానికి తూర్పున ఉన్న ప్రాంతానికి పంపాడు. అక్కడి అనాపు అనే ఊరు చివరిదాకా ఆమె ఊరైంది.

ఈ కథ చెప్పినప్పుడు పదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను అడిగింది: "సార్, వాళ్లు కూడా వలస వచ్చినోళ్లే కదా? మన నేలలోకి వచ్చినోళ్ల లాగే. ఆమె ఆదివాసుల పక్షం ఎట్లా అవుద్ది?"

మంచి ప్రశ్న. దాటేయకూడదు. డొరొతీ నిలబడింది ముఖ్యంగా వలస వచ్చిన పేద రైతుల కోసం. వాళ్లు అక్కడి మొదటి మనుషులు కారు. ఇది దాచి ఆమెను పొగిడితే అది చరిత్ర అనిపించుకోదు. మిషన్ల చరిత్రలోనూ మరకలున్నాయి. కెనడా లాంటి దేశాల్లో చర్చిలు నడిపిన హాస్టల్ బడులు ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి విడదీసి, వాళ్ల భాషను నోట్లోనే చంపేశాయి.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. డొరొతీని అక్కడికి పంపిన బిషప్ క్రాయిట్లర్, 1980లలో ఆదివాసుల హక్కుల కోసం పనిచేసే చర్చి మండలికి అధ్యక్షుడు. బ్రెజిల్ కొత్త రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు ఆదివాసులతో కలిసి ఆ మండలి పట్టుబట్టింది. 1988 రాజ్యాంగం 231వ అధికరణం ఆదివాసులకు తాము తరతరాలుగా ఉంటున్న నేల మీద హక్కును గుర్తించింది. డొరొతీ పనిచేసిన రైతులు అడిగింది ఆ నేల కాదు, ప్రభుత్వ భూమి. అడవిని ఎట్లా నిలబెట్టుకుంటూ బతకాలో ఆమె వాళ్లకు నేర్పడానికి ప్రయత్నించింది. అడవి మొత్తం నరికి గడ్డి వేసే పెద్ద భూస్వామి, ఈ పేద రైతుకూ పక్కనున్న ఆదివాసికీ కూడా శత్రువే. వలస వచ్చిన పేదవాడినీ, వలస వచ్చి నేల కాజేసిన దొరనూ ఒకే గాట కట్టకూడదని నాకు ఈ కథ చదివాకే తెలిసింది. ఆ అమ్మాయి నా జవాబుకు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా మంచిదే.

బాటల మీది బడి

అక్కడ ఊళ్లు రోడ్డు మీద ఉండవు. రోడ్డు నుంచి లోపలికి చీలిన మట్టిదారుల్లో చెదురుమదురుగా ఉంటాయి. వానలు మొదలైతే ఆ దారులు బురద కాలువలు. డొరొతీ సన్యాసినుల పొడుగు అంగీ వేసుకునేది కాదు. మామూలు చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో ఒక సంచి. సంచిలో బైబిలు, కాగితాలు, మ్యాపులు. జనం ఆమెను "ఇర్మా" అని పిలిచేవారు. మనం అక్కా అని పిలిచినట్టు.

ట్రాన్స్ అమెజాన్ రోడ్డు మీద టీచర్లను తయారు చేసే మొదటి బడి పెట్టడంలో ఆమె చేయి ఉంది. దాని పేరు బ్రసీల్ గ్రాందె పాఠశాల. ఈ సంగతి చదివినప్పుడు నాకు ప్రత్యేకంగా సంతోషం వేసింది. ఎందుకంటే బయటి నుంచి వచ్చే టీచరు బదిలీ కోసం ఎదురుచూస్తాడు. ఊరి బిడ్డే టీచరైతే బదిలీ ఎక్కడికి? మన దగ్గర కూడా షెడ్యూల్డు ప్రాంతపు బడుల్లో స్థానిక గిరిజనులే టీచర్లుగా ఉండాలని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొండల్లో టీచరు దొరకడం ఎంత కష్టమో, దొరికిన టీచరుకు పిల్లల భాష రాకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. అనాపులో ఆ కష్టాన్ని గుర్తించి, ఊరి యువతకే శిక్షణ ఇవ్వాలని ముందుకొచ్చినవాళ్లలో ఈ పంతులమ్మ ఒకరు.

ఆమె పాఠం పిల్లలతో ఆగలేదు. పెద్దలకు రాత్రి సమావేశాలు. సంఘం ఎట్లా పెట్టుకోవాలి, దరఖాస్తు ఎట్లా రాయాలి, అధికారి ఇచ్చిన కాగితంలో ఏముంది. చదువు రాని రైతుకు మొదటి పాఠం అ ఆ లు కాదు, తన భూమి హద్దు ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించడం.

మిడతలు కొరికిన కాగితాలు

బ్రెజిల్‌లో దొంగ పట్టాలతో భూమి కాజేయడాన్ని "గ్రిలాజెం" అంటారు. "గ్రిలో" అంటే మిడత జాతి పురుగు, కీచురాయి. కొత్తగా రాసిన దొంగ కాగితాన్ని ఈ పురుగులతో పాటు పెట్టెలో పెట్టి మూస్తారు. కొన్నాళ్లకు అవి కొరికి, మలం వేసి, కాగితం పసుపుబారి తాతల నాటిదిలా కనపడుతుంది. దాన్ని పట్టుకొని, ఇది మా తాత భూమి అంటారు. మన దగ్గర పురుగులు అక్కర్లేదు. బినామీ పేరు చాలు.

అనాపు భూముల గొడవ ఇలా మొదలైంది. 1970లలో సైనిక ప్రభుత్వం అక్కడి భూమిని 3,000 హెక్టార్ల ముక్కలుగా కోసి డబ్బున్నవాళ్లకు ఒప్పందం మీద ఇచ్చింది. 3,000 హెక్టార్లంటే ఏడు వేల ఎకరాల పైన. సాగు చేయాలి, లేకపోతే భూమి మళ్లీ ప్రభుత్వానిదే అన్నది షరతు. చాలామంది ఏమీ చేయలేదు. షరతు ప్రకారం భూమి ప్రభుత్వానికి రావాలి. కానీ చెల్లని కాగితాలే చేతులు మారుతూ పోయాయి. ఒకడు ఇంకొకడికి అమ్మాడు, వాడు మరొకడికి. ముందు కలప దొంగలు వచ్చి విలువైన మాను తీసుకుపోయారు. వెనకాల పశువుల దొరలు వచ్చి మిగిలింది తగలబెట్టి గడ్డి చల్లారు.

డొరొతీ, రైతు సంఘాలు దీనికి ఎదురుగా ఒక పథకం కోసం పట్టుబట్టారు. పోర్చుగీసులో దాని పొట్టి పేరు పీడీఎస్. అడవి చెడకుండా అభివృద్ధి అని అర్థం. ఒక్కో కుటుంబం భాగంలో ఐదో వంతు మాత్రమే సాగు చేయాలి. మిగతా నాలుగు వంతులు అడవిగానే ఉంచి, అందరూ కలిసి కాపాడాలి. కోకో, పండ్ల చెట్లు, అడవి సరుకుతో బతకాలి. 2002లో ప్రభుత్వం అనాపులో ఇలాంటివి రెండు మంజూరు చేసింది. ఒకదాని పేరు ఎస్పెరాన్స. ఆశ అని అర్థం.

మంజూరైతే చాలదని మనకు తెలుసు. పోడు పట్టా చేతికొచ్చినా నేల చేతికి రాని ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. అక్కడా అంతే. రైతుల ఇళ్లు తగలబెట్టారు, పంట మీద గడ్డి విత్తనాలు చల్లారు. డొరొతీ ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఫిర్యాదులు రాసింది. 2004లో బ్రెజిల్ పార్లమెంటు సంఘం ముందు నిలబడి అక్కడ జరుగుతున్నది చెప్పింది. అదే ఏడాది పారా రాష్ట్ర శాసనసభ ఆమెకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. బెదిరింపులు అప్పటికే వస్తున్నాయి. ఆమె ఊరు వదల్లేదు.

చివరి నడక

2005 ఫిబ్రవరి 12, శనివారం. వానలు పడుతున్న కాలం. ముందురోజే ఆమె ఎస్పెరాన్సకు చేరింది, రైతుల సమావేశం కోసం. పొద్దున్నే బయలుదేరి మట్టిదారిలో నడుస్తోంది. ఇద్దరు మనుషులు ఎదురుపడ్డారు. ఆమెకు వాళ్లు తెలిసినవాళ్లే. ఆగి మాట్లాడింది. ఈ నేల రైతులకు ఇచ్చిందని సంచిలోంచి మ్యాపు తీసి చూపించింది. ఆయుధం ఉందా అని వాళ్లు అడిగితే, ఇదే నా ఆయుధం అని బైబిలు చూపించి, అందులోంచి కొంత చదివింది. సెలవు తీసుకొని నాలుగడుగులు వేసింది. వాళ్లు కాల్చారు. ఆరు గుండ్లు. కొంచెం వెనక నడిచి వస్తున్న ఒక రైతు పొదల్లో దాక్కొని అంతా చూశాడు.

అనాపులోనే ఆమెను పూడ్చారు. పూడ్చడం లేదు, విత్తనంలా నాటుతున్నాం అని జనం అన్నారు.

తర్వాత జరిగింది కూడా మనం తెలుసుకోవాలి. వారం తిరక్కుండానే బ్రెజిల్ ప్రభుత్వం ఆ ప్రాంతానికి సైన్యాన్ని పంపింది. అదే పారా రాష్ట్రంలో, షింగు నదికి పడమట ఉన్న తెర్రా దో మేయు అడవిలో ముప్పై లక్షల హెక్టార్లకు పైగా రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2008లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతిని చనిపోయిన ఆమెకు ప్రకటించింది. కాల్చిన ఇద్దరికీ, మధ్యవర్తికీ త్వరగానే శిక్షలు పడ్డాయి. డబ్బు ఆశ చూపి చంపించిన ఇద్దరు భూస్వాముల సంగతి వేరు. ఒకడికి 2007లో ముప్పై ఏళ్ల శిక్ష పడింది, 2008లో నిర్దోషి అన్నారు, 2010లో మళ్లీ శిక్ష, పై కోర్టు దాన్ని కొట్టేస్తే 2013లో మళ్లీ అదే శిక్ష. రెండోవాడికి 2010లో ముప్పై ఏళ్లు వేసినా, అప్పీళ్ల మీద చాలా కాలం బయట తిరిగాడు. తుపాకీ పట్టినవాడు పేదవాడైతే జైలు త్వరగా వస్తుంది. డబ్బు ఇచ్చినవాడి దాకా రావడానికి ఏళ్లు పడుతుంది.

అనాపులో చావులు ఆమెతో ఆగలేదు. పేరు తెలియని రైతులు తర్వాత కూడా నేల కోసం చనిపోయారు. ఆమె పని అందుకున్న ఒక ఫాదర్‌ను 2018లో కేసులు పెట్టి నెలల తరబడి జైల్లో ఉంచారు. ఒక విదేశీ సన్యాసిని చనిపోతే ప్రపంచం చూసింది. అదే నేల మీద చనిపోయిన అరారా, పరకానా మనుషులకు, కూలి రైతులకు బహుమతులు లేవు. ఈ తేడాను కూడా మన పిల్లలకు చెప్పాలి. ఆమె బతికుంటే ఆమే చెప్పి ఉండేదని నా నమ్మకం.

మన బాటలు

ఈ కథ నుంచి నేను నా బడికి ఒక పని తెచ్చుకున్నాను. ఏటా సంక్రాంతి సెలవుల తర్వాత, ఎండలు ముదరక ముందు, పెద్ద తరగతి పిల్లలను, ఊరి పెద్దలను తీసుకొని గూడెం హద్దు వెంట నడుస్తాం. ఒక్కరోజులో అయిపోదు, రెండు రోజులు పడుతుంది. పెద్దలు చెబుతారు, పిల్లలు రాస్తారు: ఈ వాగు పేరు ఇది, ఈ బండ దగ్గర వేల్పు, ఈ చెట్టు దగ్గర పక్క ఊరి పొలిమేర, ఇక్కడ మా తాత పోడు కొట్టాడు. తిరిగొచ్చి బడి గచ్చు మీద సుద్దముక్కతో మ్యాపు గీస్తారు, తర్వాత చార్టు మీదికి ఎక్కిస్తారు.

మొదటి ఏడాది ఒక సంగతి బయటపడింది. మా పిల్లలు సెల్ ఫోనులో హైదరాబాదు వీధులు చూపించగలరు. తమ గూడెం వాగుల్లో సగానికి పేర్లు తెలియదు. పేర్లు తెలిసిన ముసలివాళ్లు ముగ్గురే మిగిలారు. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి హక్కు అడగాలంటే హద్దులు చూపాలి, గ్రామసభ తీర్మానం రాయాలి. ఆఫీసులో ఉన్న మ్యాపులో మన వాగు లేకపోవచ్చు. వేల్పు బండ లేకపోవచ్చు. ఖాళీ స్థలం అని రాసి ఉండొచ్చు. అప్పుడు మన మ్యాపు తీసి చూపించేవాళ్లు ఊళ్లో ఉండాలి. అది చదువుకున్న యువత పని. దాన్ని నేర్పడం టీచరు పని. అందుకు ముందు మనం ఆ హద్దు వెంట ఒకసారైనా నడిచి ఉండాలి.

ఈ ఏడాది కూడా వెళ్తున్నాం. పేర్లు తెలిసిన ఆ అవ్వకు మోకాళ్ల నొప్పి, అంత దూరం నడవలేదు. పిల్లలు వంతులవారీగా మోస్తామంటున్నారు.